టీఈఈ: బొమ్మ కంటే ముందు గొంతు

చిరంజీవికి,

వచ్చే వారం నుంచి టీఈఈ (అన్నవాహికలోంచి గుండెను చూసే అల్ట్రాసౌండ్ పరీక్ష) ప్రోబ్, అంటే నోట్లోంచి దించే గొట్టం, నీ చేతికి ఇస్తున్నారని తెలిసింది. బొమ్మలు మెల్లగా వస్తాయి. ముందు గొంతు సంగతి చూడు, ఈ పరీక్షలో రోగికి దెబ్బ తగిలేది ఎక్కువగా అక్కడా, అన్నవాహికలోనే.

ఆహారం మాని 6 గంటలు, నీళ్లు మాని 2 గంటలు అయ్యాయా అని నువ్వే అడుగు. "తిన్నది మింగుతుంటే ఎక్కడైనా అడ్డుపడుతోందా?" అన్న ప్రశ్న మరచిపోవద్దు. అడ్డుపడుతోందన్నా, అన్నవాహికకు ఆపరేషనో రేడియేషనో అయిందన్నా, లివర్ జబ్బుతో రక్తపు వాంతులు అయ్యాయన్నా అక్కడితో ఆగు. గ్యాస్ట్రో డాక్టరుతో మాట్లాడాకే ముందుకు వెళ్లు. కట్టుడు పళ్లు తీయించు.

స్ప్రే కొట్టి, గొంతు మొద్దుబారాక ఎడమ పక్కకు పడుకోబెట్టి, పళ్ల మధ్య బైట్ గార్డ్ పెట్టి, గడ్డం ఛాతీ వైపు వంచు. ప్రోబ్ లోపలికి పోయేటప్పుడూ బయటకు వచ్చేటప్పుడూ కొస వంపును బిగించే లాక్ తీసే ఉండాలి. కొస గొంతు వెనక్కి చేరాక "మింగండి" అను. మింగిన క్షణంలో కండరం సడలుతుంది, ప్రోబ్ ఇట్టే దిగిపోతుంది. దిగలేదా, బలం పెట్టకు. మధ్యలోంచి పక్కకు జరిగితే కొస గుంటలో ఇరుక్కుంటుంది, అక్కడ నెడితే చిల్లు పడుతుంది. కాస్త వెనక్కి తీసి, మధ్యకు తెచ్చుకో. దగ్గు ఆగకపోతే శ్వాసనాళంలోకి పోయినట్టే, వెంటనే తీసెయ్.

కొసను వంచే చక్రాలు బిగుసుకుపోయి, బొమ్మ మాయమైతే కొస మడతపడిందేమో చూడు. అలాగే పైకి లాగకు. నెమ్మదిగా కడుపులోకి దించి, అక్కడ సాపు చేసి తియ్యి.

2013 నాటి అమెరికన్ మార్గదర్శకాల్లో 28 వ్యూలు, అంటే గుండెను చూపే దృశ్యాలు, ఉన్నాయి. అన్నీ నేర్చుకో, కానీ రోగిని దేనికోసం పంపారో దాని జవాబు ముందు పట్టుకో. రోగి ఎంతసేపు ఓర్చుకుంటాడో చెప్పలేం. పళ్ల నుంచి 30–40 సెం.మీ. లోతులో, అల్ట్రాసౌండ్ కోణం 0–10 డిగ్రీల దగ్గర ఉంచితే గుండె నాలుగు గదులూ కనిపిస్తాయి.

రక్తపు గడ్డ కోసం గుండె ఎడమ పై గదికి ఉన్న చిన్న సంచి, అంటే ఎడమ అపెండేజ్‌ను చూసేటప్పుడు మాత్రం తొందర పనికిరాదు. 0, 45, 90, 135 డిగ్రీల్లో తిప్పి చూడు. ఒక్క కోణంలో గడ్డలా కనిపించిన కండరపు గట్టు, కోణం మారగానే గోడలో కలిసిపోతుంది. ఆ సంచిలో డాప్లర్‌తో కొలిచిన రక్తం వేగం సెకనుకు 20 సెం.మీ. లోపు ఉంటే రక్తం నిలిచిపోతోందని అర్థం, మళ్లీ వెతుకు.

మొద్దుబారుడు పోయేదాకా నీళ్లు కూడా ఇవ్వద్దు. మెడనొప్పి, జ్వరం, మింగుతుంటే నొప్పి ఉన్నాయంటే, మెడ దగ్గర చర్మం నొక్కితే కరకరలాడిందంటే, ఆ రోగిని ఇంటికి పంపకు. సర్జన్‌ను పిలిచి, వెంటనే సీటీ తీయించు.