ఆహారంలో బ్యాక్టీరియాను చంపడానికి హై ప్రెషర్ ఒక్కటే చాలదా? మళ్ళీ నిసిన్ (కొన్ని బ్యాక్టీరియాలే తయారుచేసే, వేరే బ్యాక్టీరియాను చంపే పదార్థం), పులుపు, వేడి ఎందుకు?

600 మెగాపాస్కల్స్, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 6000 రెట్లు పెట్టాక కూడా బ్యాక్టీరియా బతుకుతుందా అని కదా మీ అనుమానం. కొన్నేళ్ళు ఫుడ్ మైక్రోబయాలజీ ల్యాబ్‌లో కాలనీలు (బ్యాక్టీరియా పెరిగి ప్లేటు మీద కనిపించే చుక్కలు) లెక్కపెట్టినవాడిగా చెప్తున్నాను: కొన్ని బతుకుతాయి. అంతకంటే ఇబ్బంది, కొన్ని చచ్చినట్టు కనిపించి బతుకుతాయి.

నేను ఇక్కడే బోల్తా పడ్డాను. పాలలో లిస్టీరియా అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియాను కలిపి, ప్యాకెట్లలో సీల్ చేసి, 400 మెగాపాస్కల్స్ దగ్గర ఐదు నిమిషాలు ఉంచాం. అదే రోజు సెలెక్టివ్ అగార్ (వెతుకుతున్న బ్యాక్టీరియాను తప్ప మిగతావాటిని ఆపే మందులు కలిపిన జెల్లీ) మీద వేస్తే ఒక్క కాలనీ లేదు. సంబరంగా రిపోర్టు రాసేశాను. మా సీనియర్ మేడమ్ దాన్ని పక్కన పెట్టి, "మిగిలిన ప్యాకెట్లు ఫ్రిజ్‌లోనే ఉంచు, రెండు వారాలాగి మళ్ళీ వెయ్యి" అన్నారు. వేస్తే ప్లేటు నిండా కాలనీలే.

జరిగిందేమిటంటే, ఒత్తిడి ప్రధానంగా కణం పొరను దెబ్బతీస్తుంది. కొన్ని కణాలు అక్కడికక్కడే చస్తాయి, కొన్ని గాయాలతో మిగులుతాయి. సెలెక్టివ్ అగార్‌లోని మందులను తట్టుకునే ఓపిక ఆ గాయపడ్డవాటికి ఉండదు కాబట్టి ప్లేటు మీద కనిపించవు. పాలలో మాత్రం తీరిగ్గా కోలుకుంటాయి. ఫ్రిజ్ చలిలో పెరగడం లిస్టీరియాకి కొత్తేమీ కాదు.

రెండో పద్ధతి అవసరం ఈ గాయపడ్డవాటి దగ్గరే. తర్వాత అదే పాలలో నిసిన్ కలిపి చేశాం. మొదటి రోజు లెక్కలో పెద్ద తేడా లేదు, కానీ నిల్వలో మళ్ళీ లేవలేదు. పులుపు చేసేదీ ఇదే. పీహెచ్ తక్కువగా ఉంటే దెబ్బతిన్న కణం తేరుకోలేదు.

ఈ.కోలై అనే ఇంకో బ్యాక్టీరియా సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. దానికి బయట ఇంకో పొర ఉంటుంది కనుక మామూలుగా నిసిన్ లోపలికి చేరదు. ప్రెషర్‌లో ఉన్న ఆ కాసేపు ఆ పొరలో సందులు పడతాయి, ఆ తర్వాత మళ్ళీ మూసుకుంటాయి. అందుకే నిసిన్ ముందే కలిపి ఉండాలి. ఒకసారి మరిచిపోయి ప్రెషర్ దించాక కలిపాం, ఫలితం శూన్యం. కొవ్వు ఎక్కువున్న పదార్థంలో నిసిన్ ఆ కొవ్వుకే అతుక్కుపోతుందని కూడా గుర్తుంచుకోండి.

వేడి కూడా మంచి తోడే. మామూలు గది వేడి దగ్గరకంటే 45, 50 డిగ్రీల దగ్గర అదే ఒత్తిడికి చాలా ఎక్కువ కణాలు చస్తాయి. అసలు ప్రెషర్ పద్ధతే కొత్తది కాదు. 1899లోనే బెర్ట్ హైట్ అనే అమెరికన్ పాలను ఒత్తిడికి గురిచేసి, త్వరగా పాడవకుండా చూడవచ్చని చూపించాడు. అయినా ఆ పద్ధతి మార్కెట్ దాకా రావడానికి 1990 పట్టింది. అదీ జపాన్‌లో, పుల్లటి జామ్‌లతో.

స్పోర్లు (కొన్ని బ్యాక్టీరియాలు గడ్డుకాలం గట్టెక్కడానికి దాల్చే గట్టి నిద్రరూపాలు) మాత్రం వేరే జాతి మొండివి. గది వేడిలో 600 కాదు కదా, 1000 పెట్టినా చాలా స్పోర్లు నిలబడతాయి. వాటికి ప్రెషర్‌తో పాటు అసలైన వేడి కావాలి. 90 డిగ్రీల దగ్గర మొదలుపెడితే ఒత్తిడి ఎక్కేటప్పుడు పదార్థం తనంతట తానే ఇంకో 20 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఈ జంట పద్ధతిని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో ఒప్పుకుంది. ఇక పొడి పదార్థాల మీద ప్రెషర్ పెట్టి లాభం లేదు, బాగా చక్కెర ఉన్నవాటి మీద దాని ప్రభావం తగ్గుతుంది. కణాలకు అందుబాటులో ఉండే నీరు తగ్గితే వాటికి అదే కవచం.

మీరు ప్రయోగం చేయబోతుంటే ప్రతి శాంపిల్‌నూ సెలెక్టివ్ అగార్ మీదా, మామూలు అగార్ మీదా రెండిటి మీదా వేయండి. ఆ రెండు లెక్కల మధ్య తేడాయే గాయపడి మిగిలినవి. నిల్వ ఉంచిన ప్యాకెట్లు తెరిచి చూడకుండా "సున్నా" అని మాత్రం రాయకండి.