కుదుటపడ్డాడా, స్వస్థత చెందాడా?

సందేహం: కాలేయానికి సోకే హెపటైటిస్-సి వైరస్ కొందరి ఒంట్లోంచి మందు లేకుండానే పోవడాన్ని ఒక వ్యాసంలో ‘జన్యుపరమైన స్వయం స్వస్థత’ అన్నారు. మా వైపు ‘కుదుటపడ్డాడు’ అంటాం. ఏది సరైనది?
– ఒక పాఠకుడు, రాజోలు

సమాధానం: ‘పరమైన’ అనే తోక తగిలిస్తే తప్ప విశేషణం కాదనుకోవడం ఈనాటి జాడ్యం. ‘జన్యుభేదం వల్ల’ అంటే చాలు. ఇక స్వస్థుడంటేనే తనలో తాను నిలిచినవాడు. ‘స్వ’ అందులోనే ఉండగా ముందు మళ్ళీ ‘స్వయం’ ఎందుకు?

మీ మాట చక్కనిది. నోరు–నోట, నెత్తురు–నెత్తుట అయినట్టే కుదురు–కుదుట. గుండ్రటి అడుగున్న కుండ దొర్లకుండా కింద పెట్టే గడ్డిచుట్ట కుదురు. చెట్టు మొదట్లో నీళ్ళు నిలిచే పాదూ కుదురే. డెల్టా రైతుకు వరి దుబ్బు కుదురు: సార్వాలో (వానాకాలం పంటలో) చదరపు మీటరుకు 33, దాళ్వాలో (వేసవి పంటలో) 44 కుదుళ్ళు పడాలంటారు. పీకి నాటిన నారు మొదట వాడి తలవాలుస్తుంది. కొత్త వేరు మట్టి పట్టాక పచ్చబడి నిలుస్తుంది. కుదుటపడడమంటే అదీ. పైనుంచి ఎవరో నిలబెట్టడం కాదు, తన ఆనికలో తాను ఇమడడం.

హెపటైటిస్-సి విషయంలో ఆ ఆనికలో కొంత పుట్టుకతో వచ్చిందే. 19వ క్రోమోజోములో, వైరస్‌ను ఎదిరించే ఇంటర్‌ఫెరాన్ లాంబ్డా ప్రోటీన్ల జన్యువుల దగ్గర, డీఎన్‌ఏ రాతలో ఒక్క అక్షరం తేడా, ‘సి’ లేదా ‘టి’. తల్లి నుంచీ తండ్రి నుంచీ ‘సి’ వచ్చినవారిలో వైరస్ తనంతట తాను తొలగే అవకాశం ఎక్కువని 2009లో తేలింది. అవకాశమే, హామీ కాదు. వైరస్ ముక్కలను రక్షక కణాలకు చూపించే హెచ్‌ఎల్‌ఏ జన్యువుల తేడాలకూ ఇందులో పాలుంది. మొత్తంమీద 15 నుంచి 45 శాతం మందిలో వైరస్ ఆరు నెలల్లోపు మందు లేకుండా పోతుంది. హెపటైటిస్-బిలో జన్యువులకన్నా వయసు బలమైనది: పెద్దల్లో నూటికి 95 మంది బయటపడతారు, పసికందుల్లో 90 మందిలో అది పాతుకుపోతుంది. ఎ, ఇ రకాలు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి; పేరు మాత్రం పసరుమందుకు దక్కుతుంది.

అయినా ‘కుదుటపడ్డాడు’ అన్నిచోట్లా చెల్లుతుందనలేను. కళ్ళ పచ్చదనం పోయి, అన్నం సయించి, మనిషి తిరుగుతున్నా సి వైరస్ కాలేయంలో ఉండిపోవచ్చు. అసలు చాలామందికి కామెర్లే రావు. అందుకే మనిషికి ‘కుదుటపడ్డాడు’, వైరస్‌కు ‘తొలగింది’ అని విడివిడిగా రాయడం మేలనిపిస్తుంది. రెండో మాట రాయాలంటే రక్తంలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ (దాని జన్యుపదార్థం) లేదని పరీక్ష చెప్పాలి. వైరస్‌పై ఒళ్ళు తయారుచేసుకున్న ప్రతిరక్షకాలను వెతికే యాంటీబాడీ పరీక్ష ఇందుకు పనికిరాదు. వైరస్ పోయినవారికీ అది ఏళ్ళ తరబడి పాజిటివ్‌గానే వస్తుంది. దాన్ని పట్టుకుని ‘ఇంకా కుదుటపడలేదు’ అని రాయడమూ తప్పే.