సోలార్ సరే, ముందు ఆవిరి సంగతి చూడు

మర్రిపాలెం, విశాఖపట్నం

చిరంజీవి రవికి,

మామయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. మిల్లు షెడ్డు పైకప్పంతా సోలార్ ప్యానెళ్లు పరిస్తే కరెంటు బిల్లు ఎంత తగ్గుతుందో మేనేజరు గారు రిపోర్టు ఇమ్మన్నారని టెన్షన్ పడుతున్నట్టున్నావు. ముడసర్లోవ చెరువు మీద తేలే ప్యానెళ్ల దగ్గర నువ్వు అన్ని ఫొటోలు తీసుకున్నప్పుడే అనుకున్నాను, నీ మనసు అటే లాగుతోందని. 2018లో పెట్టిన ఆ 2 మెగావాట్ల ప్లాంటుకు నేనేం వంక పెట్టను. కానీ నీది పామాయిల్ మిల్లు. దానికి ముందు కావాల్సింది వేడి, తర్వాతే కరెంటు. కాబట్టి రిపోర్టు మొదటి పేజీలో ఆవిరి గురించి రాయి.

టన్ను గెలలు ఆడించడానికి సుమారు 20 యూనిట్ల కరెంటు చాలు. అదే టన్నుకు ఆవిరి మాత్రం దాదాపు అర టన్ను పడుతుంది. ఆ ఆవిరిలో ఉన్న వేడిని యూనిట్లలోకి మారిస్తే మూడొందలు దాటుతుంది. ఇరవై గురించి మీటింగులు పెట్టుకుని మూడొందల్ని గాలికి వదిలేసే మిల్లులు నేను చూశాను.

మీ బాయిలర్ ప్రెషర్ ఎంతో, టర్బైన్ ఉందో లేదో నువ్వు రాయలేదు. ముందు అది కనుక్కో. 20 బార్ దగ్గర పుట్టిన ఆవిరిని టర్బైన్ గుండా పంపి, 3 బార్ దగ్గర బయటికి తీసి, గెలల్ని ఉడికించే స్టెరిలైజర్‌కి ఇస్తే, గెలలు ఉడికే దారిలోనే కరెంటు కూడా వచ్చేస్తుంది. టర్బైన్ బదులు వాల్వుతో ప్రెషర్ దించేస్తుంటే ఆ అవకాశం పోయినట్టే. మా స్టీల్ ప్లాంటులో ఎర్రగా కాలిన కోక్ మీద నీళ్లు కుమ్మరించకుండా నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి పుట్టించి టర్బైన్ తిప్పుతారు. అది చూస్తూ పెరిగిన ఉద్యోగం నాది. అందుకే ఆవిరి వృథా అయితే నాకు ఒళ్లు మండుతుంది, మీ అత్తని అడుగు.

ఇక నువ్వు చేయాల్సిన పని. నైట్ షిఫ్టులో, గోల కాస్త తగ్గాక, బాయిలర్ దగ్గర నుంచి స్టెరిలైజర్ దాకా పైపు వెంట నడు. చేతిలో పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒకటి ఉంచుకో. గ్లౌజులు మర్చిపోకు. స్టీమ్ ట్రాప్ (ఆవిరిని ఆపి నీళ్లని మాత్రం వదిలేది) కనిపించిన చోటల్లా స్క్రూడ్రైవర్ కొసను దానికి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకో. ఆగి ఆగి టక్కుమంటుంటే బాగున్నట్టే. తెరిపి లేకుండా బుస్సుమంటుంటే ఆవిరి తిన్నగా పోతోంది. పైపులు కలిసే ఫ్లాంజీల దగ్గర, వేడి పోకుండా చుట్టే లాగింగ్ ఊడిపోయి గోనె సంచీ చుట్టి ఉంటుంది, దాన్నీ రాసుకో. చదరపు సెంటీమీటరుకు 7 కేజీల ప్రెషర్ ఉన్న ఆవిరి లైనులో 3 మిల్లీమీటర్ల చిల్లు ఉంటే ఏడాదికి 33 కిలోలీటర్ల ఫర్నేస్ ఆయిల్‌తో సమానమైన వేడి పోతుందని ఎనర్జీ ఆడిటర్లకు పాఠంగానే చెబుతారు. మీరు ఆయిల్ కాల్చరు, పండ్లు పిండాక మిగిలే పీచు కాలుస్తారు కాబట్టి ఎవరికీ నొప్పి తెలియదు. నొప్పి తెలియాలంటే షెల్ (గింజ పెంకు) రేటు పెట్టి లెక్క కట్టు. పీచు మిగిలితే బాయిలర్‌లో షెల్ వేయడం తగ్గుతుంది, ఆ షెల్ బయట మంచి రేటుకు పోతుంది. యజమానికి అర్థమయ్యే భాష అదే.

కండెన్సేట్, అంటే ఆవిరి చల్లారి అయ్యే నీళ్ల విషయంలో జాగ్రత్త. స్టెరిలైజర్ నుంచి వచ్చే గోధుమరంగు నీళ్లలో నూనె ఉంటుంది, వాటిని పొరపాటున కూడా బాయిలర్‌కి పంపించకు. నూనె ట్యాంకుల కాయిల్స్ నుంచి, గింజల పప్పు ఆరబెట్టే కెర్నెల్ డ్రయ్యర్ నుంచి వచ్చేవి శుభ్రమైన వేడినీళ్లు. కాయిల్‌కి చిల్లు లేదని చూసుకుని వాటిని బాయిలర్‌కి నీళ్లిచ్చే ఫీడ్ ట్యాంకుకి తిప్పు. ఫీడ్ వాటర్ 6 డిగ్రీలు వేడెక్కితే ఇంధనం ఒక శాతం కలిసొస్తుంది.

ప్రెస్ నుంచి పడే పీచుని గుప్పెట్లో పట్టుకుని పిండి చూడు. అరచేతికి నూనె జిడ్డు అంటితే ప్రెస్ సరిగ్గా పిండడం లేదు. అలాంటి పీచు బాగా మండుతుంది, బాయిలర్ ఆపరేటర్ సంతోషంగానే ఉంటాడు. కాలిపోయేది అమ్ముకోవాల్సిన నూనె! అలాగని ప్రెషర్ మరీ పెంచేస్తే గింజలు పగిలిపోతాయి. ప్రెస్ దగ్గర పాతకాపు ఎవరైనా ఉంటే సార్ హోదా పక్కన పెట్టి అడుగు.

పైసా ఖర్చు లేని పని ఇంకొకటుంది. రెండు మూడు స్టెరిలైజర్లకు ఒకేసారి ఆవిరి వదిలితే బాయిలర్ ప్రెషర్ ఢామ్మని పడిపోతుంది. వాటి మధ్య వ్యవధి ఇచ్చి టైమింగు రాసి గోడకు అతికించు.

పండ్లు రాల్చాక మిగిలే ఖాళీ గెలల్ని కాల్చేద్దాం అంటారు. వద్దు. వాటిలో నూటికి అరవై పాళ్లకు పైగా తేమే, పైగా పొటాష్ ఎక్కువ కాబట్టి కాలిస్తే బాయిలర్ ట్యూబులకు కరుడు కడుతుంది. వాటి చోటు తోటే. హెక్టారుకు 143 చెట్లు, ఎండాకాలంలో చెట్టుకు రోజుకు 200 లీటర్లు వేసుకున్నా ఎన్ని నీళ్లో చూడు. చెట్ల మధ్య ఖాళీ గెలలు పరిస్తే తేమ నిలుస్తుంది, మోటారు తక్కువ తిరుగుతుంది. రైతుకు కరెంటు ఉచితమే కాబట్టి పొదుపు అంటే వినడు, పొటాష్ ఎరువు ఖర్చు తగ్గుతుందంటే వింటాడు. పెదవేగిలో పామాయిల్ పరిశోధన సంస్థ ఉంది, ఎలా పరచాలో అక్కడికి వెళ్లి మాట్లాడు.

సోలార్ సంగతి ఇప్పుడు. గెలలు వరదలా వచ్చేది వానాకాలంలో. గెల కోసిన 24 గంటల్లో ఆడించాలి, లేకపోతే నూనెలో ఆమ్లం పెరుగుతుంది, కాబట్టి రాత్రీ పగలూ మిల్లు నడవాల్సిందే. అప్పుడే ఆకాశానికి మబ్బు. ఎండ దంచే వేసవిలో మిల్లుకు అంత పని ఉండదు, నీళ్లకు అల్లాడేది తోట. అందుకే ప్యానెళ్లు మిల్లు కప్పు మీద కంటే డ్రిప్ మోటార్ల దగ్గరే బాగా పనికొస్తాయని నా అభిప్రాయం, ముఖ్యంగా కరెంటు లైను వెళ్లని తోటల్లో. పైగా మీ కప్పు మీద చిమ్నీ మసి, పీచు దుమ్ము, రెండూ పడతాయి. ఎవరు కడుగుతారు? మిల్లు హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు బిల్లు కూడా తీసి చూడు. వాడినా వాడకపోయినా కరెంటు కంపెనీతో ఒప్పుకున్న గరిష్ఠ లోడు, అంటే కాంట్రాక్టు డిమాండ్‌లో 80 శాతానికి కట్టాల్సిందే, ప్యానెళ్లు పెట్టినంత మాత్రాన అది తగ్గదు. ఆఫీసుకి, క్యాంటీన్‌కి, వీధిదీపాలకి సరిపడా చిన్న ప్లాంటు మాత్రం ప్రతిపాదించు. మేనేజరు గారి మాటా నిలబడుతుంది.

పెద్ద ఖర్చు పెట్టే ఉద్దేశం నిజంగా ఉంటే మురుగునీటి చెరువులకు కప్పు వేయించమను. టన్ను గెలలకు 600 లీటర్లకు పైగా వేడివేడి మురుగునీళ్లు వస్తాయి. అవి చెరువులో కుళ్లి వదిలే మీథేన్ వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. కప్పు వేస్తే అదే గ్యాస్ ఇంజిన్ తిప్పుతుంది, ఊళ్లో వాసన గొడవా తగ్గుతుంది. గ్యాస్‌లోని హైడ్రోజన్ సల్ఫైడ్‌ని కడిగే స్క్రబ్బర్ లేకుండా మాత్రం ఇంజిన్ కొననివ్వకు, తినేస్తుంది. సైజు కూడా సీజన్ గ్యాస్ చూసి కాదు, గెలలు పల్చబడే నెలల గ్యాస్ చూసి నిర్ణయించు. సీజన్‌లో మిగిలింది బాయిలర్‌లో మండించుకోవచ్చు.

ఈలోగా ఏడాది కరెంటు బిల్లులు, బాయిలర్ లాగ్‌బుక్‌లో ఒక సీజన్ నెలవి, ఒక అన్‌సీజన్ నెలవి పేజీలు ఫొటో తీసి నాకు పంపు. చిమ్నీ టెంపరేచర్ కాలమ్ కనిపించేలా తియ్యి. అది ఖాళీగా ఉంటే ముందు థర్మామీటర్ పెట్టించు, రిపోర్టు గడువు నేను మాట్లాడితే పెరుగుతుందంటే మేనేజరు గారికి ఫోన్ చేస్తాను.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మామయ్య