డ్రమ్ము నిండితే బజర్ మోగాలి

ప్రశ్న: తొమ్మిది, పది చదివే 12 మంది పిల్లలకు మా వాడలో సాయంత్రం పూట ఎలక్ట్రానిక్స్ నేర్పుతున్నాం. కోడ్ రాసి నడిపే చిన్న కంప్యూటర్ లాంటి ఆర్డుయినో బోర్డులు రెండే ఉన్నాయి. ఇద్దరబ్బాయిలే అన్నీ చేసేస్తారు, ఆడపిల్లలు నోట్సు రాస్తూ కూర్చుంటారు. నిన్న వెలిగిన సర్క్యూట్ ఇవాళ వెలగదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, రాణిగారితోట, విజయవాడ

జవాబు: అమ్మా, బోర్డుకు ముగ్గురే ఉండాలి. రెండు బోర్డులే కాబట్టి ఒక రోజు ఆరుగురిని, మర్నాడు మిగతా ఆరుగురిని పిలవండి. ఒకరు వైర్లు కలపాలి, ఒకరు కోడ్ రాయాలి, ఒకరు మల్టీమీటర్ అనే కొలిచే మీటరుతో వైర్లు సరిగా కలిశాయో చూడాలి. చూసేవాళ్లు సరేనన్నాకే యూఎస్‌బీ కేబుల్ పెట్టాలి. ఏ వైరు మార్చాలన్నా కేబుల్ తీసేయాలి. ప్రతి క్లాసుకూ పనులు మారాలి. నోట్సు రాసే పని మాత్రం విడిగా ఎవరికీ ఇవ్వకండి, అది అమ్మాయిల మీదే పడుతుంది. వాళ్ల చేతికి వైరు రావాలి.

ప్రాజెక్టుగా ఇంట్లో కుళాయి నీళ్లు పట్టే డ్రమ్ము నిండగానే బజర్ మోగేలా చేయడాన్నే తీసుకోండి. మొదట ఎల్‌ఈడీ ఒక్కటే వెలిగించనివ్వండి. బోర్డు పిన్ను ఇచ్చే 5 వోల్టుల్లో ఎర్ర ఎల్‌ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటే మిగతా 3 వోల్టులను, కరెంటును అదుపు చేసే రెసిస్టర్ విలువ 220 ఓమ్‌లతో భాగించమనండి: దాదాపు 14 మిల్లీ ఆంపియర్ల కరెంటు. రెసిస్టర్ మానేస్తే కరెంటు హద్దు దాటి ఎల్‌ఈడీతో పాటు పిన్ను కూడా కాలిపోవచ్చు. బజర్‌ను నేరుగా పిన్నుకు కాక చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే బీసీ547 ట్రాన్సిస్టర్ ద్వారా కలపండి. పిన్నుకూ, ట్రాన్సిస్టర్ బేస్ అనే కాలికీ మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టర్.

తర్వాత, చెవికి వినపడని శబ్దం పంపి దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్. శబ్దం వెళ్లి తిరిగొచ్చిన మైక్రోసెకన్లను 0.034తో గుణించి సగం చేస్తే సెంటీమీటర్లలో దూరం వస్తుంది. సగం ఎందుకో పిల్లలే చెప్పాలి, తొందరపడి మీరు చెప్పకండి. 2 సెం.మీ. కన్నా దగ్గరైతే అది కొలవలేదు. అందుకే నీళ్లు ఆగాల్సిన గీతకు 10 సెం.మీ. పైన పెట్టండి. అంచున పెడితే శబ్దం డ్రమ్ము గోడకు తగిలి తప్పుడు అంకె చూపిస్తుంది. మూత నడిమధ్యలో నిటారుగా కిందికి చూడాలి. ఐదుసార్లు కొలిచి, అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి మధ్యలోది తీసుకోండి. తడి తగిలితే సెన్సర్ పాడవుతుంది, పని కాగానే తీసేయండి.

మర్నాడు వెలగకపోవడానికి ఎక్కువగా వదులైన జంపర్ వైర్లే కారణం. వైర్లు గుచ్చే రంధ్రాల పలక అయిన బ్రెడ్‌బోర్డుల్లో కొన్ని పొడుగువాటికి కరెంటు పట్టీ మధ్యలో తెగి ఉంటుంది, దాన్ని వైరుతో కలపాలి. కంప్యూటర్‌లో బోర్డు తాలూకు పోర్టే కనబడకపోతే అది చార్జింగుకే పనికొచ్చే కేబుల్ కావచ్చు. చవక బోర్డయితే కంప్యూటర్‌లో సీహెచ్340 డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ వేయాలి. ఈ తప్పులు మీరు సరిచేయకండి. క్లాసు చివర ఒక జట్టు వైరింగ్ బొమ్మ గీసి అంతా విప్పేయాలి, ఆ బొమ్మ చూసి రెండో జట్టు మళ్లీ కట్టాలి. బొమ్మలో ఏది వదిలేశారో అప్పుడే బయటపడుతుంది.

నీళ్ల మోటారును కూడా ఆపేలా చేద్దామని పిల్లలు తప్పక అడుగుతారు. 230 వోల్టుల లైను జోలికి మాత్రం వాళ్లను వెళ్లనివ్వకండి; బజర్ మోగగానే ఇంట్లో పెద్దవాళ్లే స్విచ్ ఆపేస్తారు.