చెట్లకు తెగులు తెచ్చే శిలీంధ్రంలో ఒక జన్యువును ఎలా తొలగిస్తారు?

ఫలానా జన్యువే తెగులుకు కారణమని తేల్చాలంటే దాన్ని తీసేసి చూడటమే సూటి దారి. జన్యువుకు అటూ ఇటూ ఉన్న డీఎన్ఏ ముక్కల్ని, ఒక్కోటి సుమారు 1,000 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) పొడవు, తీసుకుని మధ్యలో హైగ్రోమైసిన్‌ను (శిలీంధ్రాన్ని చంపే ఒక యాంటీబయాటిక్‌ను) తట్టుకునే జన్యువును అతికిస్తారు. శిలీంధ్రం కణగోడను ఎంజైములతో కరిగించి దీన్ని లోపలికి పంపుతారు. హైగ్రోమైసిన్ కలిపిన ప్లేటులో బతికినవాటినే ఏరుకుంటారు.

అసలు చిక్కు ఏమిటంటే, ఆ ముక్క తీసేయాల్సిన జన్యువు స్థానంలో కాకుండా చాలాసార్లు వేరే ఎక్కడో అతుక్కుంటుంది. అందుకే చెస్ట్‌నట్ చెట్ల బెరడును కుళ్లబెట్టే చెస్ట్‌నట్ బ్లైట్ తెగులు తెచ్చే క్రైఫోనెక్ట్రియా పారాసిటికా అనే శిలీంధ్రంలో, డీఎన్ఏ ముక్కల్ని ఎక్కడపడితే అక్కడ అతికించడానికి తోడ్పడే కేయూ80 జన్యువును ముందే తీసేసిన రకాన్ని వాడతారు. అందులో గురి బాగా కుదురుతుంది. డీఎన్ఏను కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతి కూడా ఉంది. తొలగింపును పీసీఆర్‌తో (డీఎన్ఏలో కోరిన భాగాన్ని అనేక ప్రతులుగా పెంచి చూసే పరీక్షతో) నిర్ధారించి, బెరడుకు గాటు పెట్టి శిలీంధ్రాన్ని ఎక్కిస్తారు. పుండు చిన్నదైనంత మాత్రాన సరిపోదు, జన్యువును తిరిగి పెడితే తెగులు మళ్లీ ముదరాలి. ఈ పరీక్ష లేని ఫలితాన్ని నేనైతే నమ్మను.