ప్రీమియం తక్కువున్న పాలసీయే మంచిదా?

ఆరోగ్య బీమాలో ప్రీమియం తక్కువున్నది తీసుకోవాలా, ఎక్కువ కట్టి మంచి కవరేజీ తీసుకోవాలా అని అడిగారు. ముందు ఇంట్లో మందుల డబ్బా తెరిచి చూడండి. రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు ఉంటే, చవక పాలసీ మీకు చవక కాకపోవచ్చు. మామూలుగా ప్రీమియం తగ్గితే డిడక్టిబుల్ పెరుగుతుంది. అంటే బీమా కంపెనీ ఇవ్వడం మొదలుపెట్టే లోపు మీరు జేబులోంచి పెట్టాల్సిన డబ్బు. ఆ తర్వాత కూడా 20 శాతం కో-పే ఉందంటే బిల్లులో అయిదో వంతు మీదే.

అందుకే ఏడాది ప్రీమియానికి, ఆ ఏడాదిలో మీ వాటాగా పడగల గరిష్ఠ ఖర్చు కలిపి చూడండి. అది అప్పు చేయకుండా కట్టగలరా? కట్టగలిగి, ఆరోగ్యం కూడా బాగుంటే చవకదే తీసుకోండి, తప్పు లేదు.

నెట్‌వర్క్ విషయంలో, అంటే బీమా కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల విషయంలో మాత్రం వెబ్‌సైట్ జాబితాను నమ్మకండి, అవి పాతబడిపోతుంటాయి. ఆసుపత్రికే ఫోన్ చేసి అడగండి. అర్ధరాత్రి అమ్మకు ఆయాసం వస్తే, నెట్‌వర్క్ ఆసుపత్రి రెండు గంటల దూరంలో ఉంటే ఆ కార్డు ఎందుకు పనికొస్తుంది? పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే కవరేజీ మొదలయ్యే లోపు ఆగాల్సిన కాలం, ఉందేమో చూడండి. ఉంది కదా అని జబ్బు దాచిపెట్టకండి, క్లెయిమ్ తిరస్కరించడానికి అదొక్కటి చాలు.