అన్న ఆటలోకే చెల్లెను పంపండి

అక్కా, ఆటిజం ఉన్న మీ ఎనిమిదేళ్ల బాబు సీసా మూతలు వరుసగా పేరుస్తుంటాడని, చెల్లె చేయి పెట్టగానే నెట్టేస్తున్నాడని రాశారు. ఇద్దరిదీ తప్పు కాదు. వాడి ఆటను మార్చకుండా, పాపను ఆ ఆటలోకే పంపండి. మూతలన్నీ పాప చేతికిచ్చి ఒక్కొక్కటి అందించమనండి, వాడు పేరుస్తాడు. "నీ వంతు, అన్న వంతు" అంటే చాలు. మొదట్లో ఐదు నిమిషాలే, విసుగు రాకముందే ఆపేయండి.

మా హన్మకొండ ఇంట్లో ఇది బతుకమ్మ పూలతో కుదిరింది. చెల్లె గునుగు, తంగేడు అందిస్తుంటే అన్న వరుసలు పేర్చాడు. ఆ రోజు నాకు కన్నీళ్లు ఆగలేదు.

పాపకు అన్న ముట్టని బొమ్మల డబ్బా ఒకటి, మీతో విడిగా కొంత సమయం తప్పక ఉండాలి. మీ మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే కేంద్రం) ఉంటే అక్కడి టీచర్ దగ్గరికి ఇద్దరినీ తీసుకెళ్లండి.